విల్సన్ వ్యాధి: ఒంట్లో బాగున్న రోజుల్లోనే అసలు పరీక్ష

మీ తమ్ముడికి విల్సన్ వ్యాధి (ఒంట్లో రాగి పేరుకుపోయే జన్యు జబ్బు) అని తేలిందనీ, జీవితాంతం మాత్రలు వాడాలన్నారనీ రాశారు. రాగి లేని తిండి తింటే మందులు మానేయొచ్చా అని అడిగారు. మానకూడదండీ. ఒకసారి మానేసి అనుభవించినవాణ్ని కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

నాకు 17 ఏళ్లప్పుడు బయటపడింది. ముందు చేతిరాత పాడైంది. అక్షరాలు చిన్నవైపోయి గీత మీద నిలిచేవి కావు. తర్వాత మాట ముద్దగా రావడం, మెలకువగా ఉండగానే చొంగ కారడం. బద్ధకం అన్నారు, పరీక్షల భయం అన్నారు, ఒక డాక్టరు గారైతే మానసిక ఒత్తిడికి మందులు రాశారు. ఎనిమిది నెలలు అలాగే గడిచాయి. ఆఖరికి ఒక న్యూరాలజిస్ట్ నన్ను కంటి డాక్టరు దగ్గరికి పంపారు. చెయ్యి వణుకుతుంటే కళ్లు చూడటమేమిటి అనుకున్నాం. కంటిని పెద్దదిగా చూపే స్లిట్ ల్యాంప్ అనే పరికరంతో చూస్తే నల్లగుడ్డు అంచు చుట్టూ గోధుమరంగు ఉంగరం! కంట్లో రాగి పేరుకుని ఏర్పడే దీన్ని కేజర్-ఫ్లైషర్ రింగ్ అంటారు. నరాల లక్షణాలు వచ్చినవాళ్లలో దాదాపు అందరికీ ఉంటుంది. లివర్ సమస్యతో బయటపడినవాళ్లలో చాలామందికి ఉండదు, కాబట్టి రింగ్ లేనంత మాత్రాన జబ్బు లేదనుకోవద్దు. రక్తంలో సెరులోప్లాస్మిన్ (రాగిని మోసే ప్రొటీన్) తక్కువ, 24 గంటల యూరిన్‌లో రాగి ఎక్కువ అని వచ్చాక అనుమానం తీరిపోయింది.

తిండి సంగతికొస్తే, రాగి కొద్దోగొప్పో అన్నిట్లోనూ ఉంటుంది. మామూలుగా ఒంటికి అక్కర్లేని రాగిని లివర్ పిత్తంలోకి పంపించేస్తుంది. ఆ పని చేయించే ఏటీపీ7బీ జన్యువు మాకు అమ్మ వైపు నుంచీ నాన్న వైపు నుంచీ చెడిపోయే వచ్చింది. అందుకే పుట్టినప్పటి నుంచీ రాగి లివర్‌లో పేరుకుని, అక్కడ పట్టక మెదడుకూ కళ్లకూ పాకుతుంది. బయటికి పోయే దారే మూసుకుపోయినప్పుడు, తక్కువ తిన్నా చేరేది చేరుతూనే ఉంటుంది. జంతువుల లివర్, నత్తలు, గుల్ల చేపలు, పుట్టగొడుగులు, చాక్లెట్, గింజపప్పులు తగ్గించమన్నారు, తగ్గించాను. రాగి పాత్రలు పక్కన పెట్టాం. ఇవన్నీ మందుకు తోడు మాత్రమే.

మొదట పెన్సిలమైన్ ఇచ్చారు, దాంతోపాటు బీ6 మాత్ర. భోజనానికి గంట ముందు, లేదా తిన్న రెండు గంటల తర్వాత వేసుకోవాలి. మొదలుపెట్టిన కొత్తలో వణుకు తగ్గకపోగా పెరిగింది. ఇంట్లో అందరూ హడలిపోయారు. కొందరికి ఇలా అవుతుందని డాక్టరు ముందే చెప్పడం వల్ల మానకుండా వెంటనే ఫోన్ చేశాం, ఆయన డోసు తగ్గించి మెల్లగా పెంచారు. రెండేళ్లకు యూరిన్‌లో ప్రొటీన్ పోతోందని జింక్‌కు మార్చారు. పెన్సిలమైన్ చేరిన రాగిని యూరిన్ ద్వారా బయటికి లాగుతుంది, జింక్ పేగులోనే రాగిని అడ్డుకుంటుంది. పొద్దున్నే ఖాళీ కడుపుతో జింక్ వేసుకుంటే నాకు వికారం. డాక్టర్ని అడిగి మొదటి మాత్ర పదకొండు గంటలకు జరిపాక ఆ బాధ పోయింది.

ఇక నేను చేసిన తెలివితక్కువ పని. 22 ఏళ్లప్పుడు కొత్త ఉద్యోగం, చేతిరాత బాగుపడింది, రింగ్ కూడా పలచబడింది. గడియారం చూసుకుని తినే బతుకు విసుగొచ్చి ఇంట్లో చెప్పకుండా మానేశాను. ఐదారు నెలలు ఏమీ కాలేదు. ఈ జబ్బు మోసం చేసేది అక్కడే. ఆ తర్వాత కాళ్లు వాచాయి, కళ్లు పచ్చబడ్డాయి. లివర్ మార్పిడి దాకా మాట వచ్చింది. అదృష్టం కొద్దీ మందులకే లొంగింది గానీ, ఎడమ చేతి వణుకు పూర్తిగా పోలేదు. ఇప్పుడు నాకు 31. ఉద్యోగం చేస్తున్నాను, బండి నడుపుతున్నాను. ఆర్నెల్లకోసారి పెద్ద క్యాన్ పట్టుకుని 24 గంటల యూరిన్ పోగేయడం ఒక్కటే ఇప్పటికీ చిరాకు.

ఇంకొకటి. మా అక్కకు ఏ లక్షణమూ లేదు. నా రిపోర్టు చూసి పరీక్ష చేయిస్తే తనకూ ఉందని తేలింది. అప్పటి నుంచీ జింక్ మీదే ఉంది, ఇద్దరు పిల్లలు, గర్భంతో ఉన్నప్పుడు కూడా డాక్టరు పర్యవేక్షణలో మందు ఆపలేదు. తోడబుట్టినవాళ్లలో ప్రతి ఒక్కరికీ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. మీ ప్రశ్నంతా తమ్ముడి గురించే ఉంది. మీరు సెరులోప్లాస్మిన్, లివర్ టెస్టులు, 24 గంటల యూరిన్, కంటి పరీక్ష చేయించుకున్నారా?