సందేహాలు – సమాధానాలు: ట్యూబుతో మార్చేదా, ట్యూబు ఉన్నదా?

సందేహం: ట్యూబు డ్యాక్‌ను సొంతంగా తయారుచేసుకోవడం ఎలాగో ఒక వ్యాసం రాస్తున్నాను (డ్యాక్ అంటే అంకెల రూపంలో ఉన్న పాటను ఆంప్లిఫయరుకు పనికొచ్చే అనలాగ్ సిగ్నల్‌గా మార్చే పెట్టె, ట్యూబు అంటే పాత రేడియోల్లో వెలిగే గాజుబుడ్డి). మొదటి వాక్యం ఇది: "ట్యూబుతో డిజిటల్ సిగ్నల్‌ను అనలాగ్‌గా మార్చే పరికరమే ట్యూబు డ్యాక్." చదివిన మిత్రుడు 'ట్యూబుతో' కాదు, 'ట్యూబు ద్వారా' అనాలన్నాడు. ఏది ఒప్పు? జాగ్రత్తల దగ్గర "కరెంటు తీసేశాకే కెపాసిటర్లను ముట్టుకోండి" అని రాశాను. 'తీసేశాకే' బదులు 'తీసేస్తేనే' అంటే మేలా? ఇంకొకటి, ట్యూబు అనాలా, వాల్వు అనాలా?

సమాధానం: వ్యాకరణం మట్టుకు చూస్తే మీదీ ఒప్పే, మీ మిత్రుడిదీ ఒప్పే. చిక్కల్లా ఏమిటంటే, ఇద్దరి వాక్యాల్లోనూ విషయం తప్పిపోయింది. మీరు తయారుచేసే పెట్టెలో డిజిటల్‌ను అనలాగ్‌గా మార్చేది ట్యూబు కాదు, చిప్. ఫిలిప్స్ వాళ్ల పాత టీడీఏ1541ఏ లాంటి 16 బిట్ల చిప్‌నే తీసుకోండి. అంకెలుగా వచ్చిన పాటను అది కరెంటుగా మార్చి ఇస్తుంది. ఆ కరెంటు ఒక రెసిస్టర్ (కరెంటుకు అడ్డుపడే విడిభాగం) గుండా పారితే చిన్న వోల్టేజీ పుడుతుంది. దాన్ని ఆంప్లిఫయరుకు సరిపడా, అంటే మామూలుగా 2 వోల్టుల దాకా పెంచడం ట్యూబు వంతు. చిప్ తగినంత వోల్టేజీనే ఇచ్చే రకమైతే ట్యూబుకు పెంచే పని కూడా ఉండదు. సిగ్నల్‌ను తర్వాతి యంత్రానికి నీరసపడకుండా అందించడమే దాని పని.

ఇదంతా మీకు నాకంటే బాగా తెలుసు. అయినా మీ వాక్యం వేరేలా పలికింది. ఎందుకంటే తెలుగులో 'మార్చే', 'పెంచే' లాంటి విశేషణం ముందు ఏ మాట పెట్టినా అది ఆ క్రియకే అంటుకుంటుంది. 'ట్యూబుతో' అని మొదలుపెట్టి 'మార్చే' దాకా వెళ్లారు కాబట్టి, మార్చే పని ట్యూబు నెత్తిన పడింది. 'తో'కు బదులు 'ద్వారా' వేసినా అంటుకునేది అక్కడే. (పత్రికల్లో ఈమధ్య ప్రతి 'తో'నూ 'ద్వారా' చేసేస్తున్నారు. కత్తి ద్వారా కోశాడని రాసే రోజు ఎంతో దూరంలో లేదు.) పనిముట్టుకు 'తో', దారికి 'ద్వారా' అని గుర్తుంచుకుంటే చాలు. సిగ్నల్ ట్యూబు ద్వారా బయటికి వస్తుందనడం బాగానే ఉంటుంది, ఎందుకంటే అక్కడ ట్యూబు నిజంగానే దారి.

మీ వాక్యాన్ని ఇలా తిరగరాయండి: "డిజిటల్ సిగ్నల్‌ను చిప్‌తో అనలాగ్‌గా మార్చి, ఆ సిగ్నల్‌ను ట్యూబుతో పెంచి బయటికి పంపే పరికరమే ట్యూబు డ్యాక్." ఏ 'తో'కు ఆ క్రియ దొరికింది. 'ట్యూబు డ్యాక్' అనే పేరును మాత్రం మార్చకండి. గాలిమర అంటే గాలితో తిరిగే మర, పూలకుండీ అంటే పూలమొక్కలు పెంచే కుండీ. సమాసంలో మధ్య మాట పైకి కనబడదు, చదివేవాడే పూరించుకుంటాడు. ఇక్కడ పూరించుకోవలసింది 'ట్యూబు ఉన్న' అని. ఆ సంగతి మొదటి వాక్యంలోనే తేల్చేస్తే తర్వాత ఎన్నిసార్లు వాడినా గొడవ లేదు.

ఇక రెండోది. ఇది భాష సరదాకు అడిగే ప్రశ్న కాదు, ప్రాణాలతో పని. 'తీసేశాకే', 'తీసేస్తేనే' రెండూ షరతు చెబుతాయి. మీ ఉద్దేశం 'తీయకుండా ముట్టుకోవద్దు' అని. చదివేవాడికి అందేది 'తీసేశాం కదా, ఇక ముట్టుకోవచ్చు' అని. ట్యూబు ప్లేటుకు (లోపలి లోహపు పలకకు) 250 వోల్టులు ఇచ్చే సర్క్యూట్‌లో ఆ అర్థం ప్రమాదం. కెపాసిటర్ పనే చార్జిని నిలవచేయడం కాబట్టి, ప్లగ్ పీకేసినా అందులో చార్జి నిలిచే ఉంటుంది. దాన్ని ఖాళీ చేయడానికి బ్లీడర్ రెసిస్టర్ పెడతారు. 47 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్‌కు 220 కిలోఓముల బ్లీడర్ ఒక్కటే ఉందనుకుందాం. పది సెకన్లు గడిచాక కూడా ఇంచుమించు 95 వోల్టులు మిగిలి ఉంటాయి. దాదాపు సున్నాకు రావడానికి 50 సెకన్లకు పైనే కావాలి. బ్లీడర్ కాలు ఊడిపోయి ఉంటే ఆ లెక్క కూడా చెల్లదు.

మీ వాక్యంలో 'కరెంటు' అనే మాటా ఇబ్బందే. వాడుకలో కరెంటు అంటే గోడలోంచి వచ్చేది. మీ వ్యాసంలో మిల్లీఆంపియర్లలో కొలిచేదీ కరెంటే. కొత్తవాళ్లకు ఈ రెండూ కలిసిపోతాయి. అందుకని గోడ దగ్గరి సంగతికి 'ప్లగ్ తీసేయడం' అనండి.

ఇలాంటి చోట పనికొచ్చే ప్రత్యయాలు '-గానే', '-దాకా'. మొదటిదానికి వ్యతిరేక క్రియ, రెండోదానికి 'ఆగండి' జోడించండి: "ప్లగ్ తీయగానే కెపాసిటర్లను ముట్టుకోకండి. మీటరు పెట్టి చూసి, వోల్టేజీ దాదాపు సున్నాకు దిగేదాకా ఆగండి." ఎంతసేపు ఆగాలో, ఆగడం అయిందని ఎలా తెలుస్తుందో రెండూ ఇందులో ఉన్నాయి. 'దిగేదాకా' బదులు 'దిగనంతవరకు ముట్టుకోకండి' అన్నా అర్థం అదే. కాకపోతే ఒకే వాక్యంలో రెండు 'కాదు'లు పడితే తొందరలో చదివేవాడు తడబడతాడు. జాగ్రత్తల్లో నేనైతే 'దాకా'నే ఎంచుకుంటాను.

మీరు పంపిన భాగంలోనే "ట్యూబు వెలిగితే సర్క్యూట్ పనిచేస్తున్నట్టే" అని ఇంకో వాక్యం కనిపించింది. '-తే ... -ట్టే' జంట ఇక్కడ తగదు. అది ఉంటే ఇది తప్పకుండా ఉన్నట్టే అని తేల్చేసే జంట అది. 12ఏయూ7 అనే రకం ట్యూబులో ఫిలమెంటుకు (లోపల వేడెక్కే తీగకు) 6.3 వోల్టులు అందితే చాలు, వెలుగుతుంది. ప్లేటుకు వోల్టేజీ అసలు రాకపోయినా దాని వెలుగు దానిదే. "వెలిగితే ఫిలమెంటు బాగున్నట్టే, ప్లేటు వోల్టేజీని మీటరుతో చూడాల్సిందే" అంటే సరిపోతుంది.

ట్యూబు, వాల్వుల సంగతికి వస్తే, మొదటిది అమెరికా వాళ్ల మాట, రెండోది బ్రిటన్ వాళ్లది. వాల్వు రేడియోల పుణ్యమా అని రెండోది మనకు పాతచుట్టమే. వట్టి ట్యూబు అంటే సైకిలు ట్యూబో, ట్యూబ్‌లైటో గుర్తొచ్చే మాట నిజమే. అయినా ఈ సరదా ఉన్నవాళ్లంతా 'ట్యూబు డ్యాక్' అనే అంటున్నారు కాబట్టి అదే ఉంచండి. ఒక పేరాలో ట్యూబు, మరో పేరాలో వాల్వు రాస్తే మాత్రం అవి రెండు వేర్వేరు విడిభాగాలనుకుని ఎవరో ఒకరు రెండూ కొనుక్కొస్తారు.