తాళం వేసిన పెట్టె అత్యవసర నిధి అవుతుందా?

ప్రశ్న: నా వయసు 37. మెల్‌బోర్న్‌ దగ్గర టార్నెట్‌లో ఉంటాం. మూడున్నరేళ్ళు ఒక కంపెనీలో టైల్స్‌ పని చేసి, రెండేళ్ళ కిందట ఏబీఎన్‌ (ఆస్ట్రేలియాలో వ్యాపార నమోదు సంఖ్య) తీసుకుని సొంతంగా సబ్‌కాంట్రాక్టు మొదలుపెట్టాను. ఏడాదికి లక్షా 12 వేల డాలర్ల బిల్లులు చేస్తాను. ఖర్చులు పోను టాక్స్‌ రిటర్న్‌లో చూపించేది 48 వేలు. నగదు పనులు కొన్ని అందులో చూపించను. నా భార్య ఏజ్డ్‌ కేర్‌లో పార్ట్‌టైమ్‌ చేస్తుంది, నెలకు 2,300 చేతికి వస్తుంది. ఇద్దరు పిల్లలు. ఇంటి వాయిదాతో కలిపి నెల ఖర్చు 5,600. బ్యాంకులో 9 వేలున్నాయి, అందులో కట్టాల్సిన జీఎస్టీ 4,300. స్నేహితులతో నెలకు 500 చొప్పున 20 నెలల చీటీ ఉంది, ఇంకా ఏడు నెలలు మిగిలాయి. లాంగ్‌ సర్వీస్‌ లీవ్‌ (ఏళ్ళ తరబడి పని చేసినవాళ్ళకు జీతంతో ఇచ్చే సెలవు) పథకంలో సబ్‌కాంట్రాక్టర్లు కూడా స్వచ్ఛందంగా కట్టుకోవచ్చని ఈమధ్యే తెలిసింది. వారానికి 40 డాలర్లు పక్కన పెట్టి కడదామనుకుంటున్నాను. ఏదైనా కష్టం వస్తే అదే నా అత్యవసర నిధి అవుతుంది కదా? సిడ్నీలో మా తోడల్లుడు ఒక్క డాలరూ కట్టకుండానే ఈ లీవు డబ్బు తీసుకున్నాడు, మరి నేనెందుకు కట్టాలి? ఇంకొక మాట: ఒక సంస్థ ఒక్క రోజులో 30 వేలు అప్పిస్తానంటోంది. పాత వ్యాను నడుస్తూనే ఉంది గానీ, ఆ డబ్బుతో మంచి యూట్‌ (పికప్‌ బండి) కొని, జీఎస్టీ కట్టేసి, మిగిలింది ఈ పథకంలో వేద్దామని ఆలోచన.

జవాబు: లీవు పథకంలో కట్టవచ్చు. ఇప్పుడే కాదు. అప్పు మాత్రం ఇప్పుడూ వద్దు, తరవాతా వద్దు.

మీ ఉత్తరాన్ని ఎంచుకోవడానికి కారణం అందులోని ఒక్క వాక్యం: ‘అదే నా అత్యవసర నిధి’. సొంతంగా పని చేసుకునేవాళ్ళు ఈ మాట ఒకరు సూపర్‌ (పదవీ విరమణ పొదుపు) గురించి రాస్తారు, ఒకరు ఊళ్ళో స్థలం గురించి, ఒకరు చీటీ గురించి. మీరు లీవు గురించి రాశారు. వస్తువు మారుతుంది గానీ పొరపాటు ఒక్కటే. కష్టం వచ్చిన వారంలో చేతికి రాని డబ్బును అత్యవసర నిధి అనరు.

విక్టోరియాలో ఈ పథకాన్ని నడిపేది లీవ్‌ప్లస్‌, పాత పేరు కోఇన్వెస్ట్‌. మీరు కంపెనీలో ఉన్న మూడున్నరేళ్ళూ మీ జీతం మీద 2.7 శాతం చొప్పున కట్టింది మీ యజమాని. ఇప్పుడు మీకు యజమాని లేడు. మీరు కట్టేది మీ డబ్బే, తిరిగి తీసుకునేదీ మీ డబ్బే. పైన కలిసేదేమైనా ఉంటే సంతోషం, కానీ దాని కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. ఇక్కడ లీవు హక్కు రావడానికి ఏడేళ్ళ సేవ ఉండాలి. వచ్చే నెల బాత్రూమ్‌ పనిలో కాలు జారి మణికట్టు విరిగితే, ఆ ఖాతాలో ఎంత ఉన్నా మీ ఇంటి వాయిదా కట్టడానికి పనికిరాదు.

మీ తోడల్లుడు చెప్పింది అబద్ధం కాదు. ఆయన ఉన్నది వేరే రాష్ట్రం, అంతే. న్యూ సౌత్‌ వేల్స్‌లో 2,50,000 డాలర్లు, అంతకు పైబడిన నిర్మాణాల మీద 0.25 శాతం లెవీ (సుంకం) వసూలు చేస్తారు. పథకం ఆ డబ్బుతోనే నడుస్తుంది. అక్కడి సబ్‌కాంట్రాక్టరు చేయాల్సిందల్లా పేరు నమోదు చేసుకోవడం, పని చేసిన రోజుల లెక్క పంపడం, పదేళ్ళు ఓపిక పట్టడం. క్వీన్స్‌లాండ్‌లోనూ లెవీ పద్ధతే. కాబట్టి సిడ్నీ బంధువు మాట విని మెల్‌బోర్న్‌లో నిర్ణయం తీసుకోకండి. మీ పాత మూడున్నరేళ్ళ రికార్డును మాత్రం గాలికి వదలొద్దు. చాలాకాలం ఏ సేవా నమోదు కాకపోతే పేరు తీసేస్తారు. మీ ఖాతాలో ఆ గడువు ఏ తేదీతో ముగుస్తుందో లీవ్‌ప్లస్‌ను అడిగి రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఆ తేదీ దగ్గరపడితే, సేవ నిలబడటానికి ఎంత అవసరమో అంతే కట్టండి. అప్పటిదాకా ఆ 40 డాలర్లకు వేరే పని ఉంది.

అసలు సంగతికి వద్దాం. మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. బీమా అన్న మాట ఎక్కడా కనిపించలేదు.

టైల్స్‌ పనివాడి సంపాదనంతా మోకాళ్ళ మీద, నడుము మీద, మణికట్ల మీద నిలబడి ఉంటుంది. ఊపిరితిత్తుల మీద కూడా. ఇంజనీర్డ్‌ స్టోన్‌ను (వంటగది గట్లకు వాడే కృత్రిమ రాయి) 2024 జూలై 1 నుంచి నిషేధించారు కాబట్టి దుమ్ము బెడద తీరిపోయిందని అనుకునేవాళ్ళున్నారు. మీరు గ్రైండరు పెట్టి పొడిగా కోసే పోర్సిలిన్‌ పలకలోనూ ఊపిరితిత్తుల్ని పాడుచేసే సిలికా ఉంటుంది. ఉద్యోగిగా ఉన్నప్పుడు మీకు దెబ్బ తగిలితే వర్క్‌కవర్‌ (పనిలో గాయాలకు యజమాని కట్టే బీమా) ఉండేది, సిక్‌ లీవు ఉండేది. విక్టోరియాలో సోల్‌ ట్రేడర్‌ (మీలా సొంత పేరున వ్యాపారం చేసేవాడు) తనకు తాను వర్క్‌కవర్‌ తీసుకోలేడు. ఏబీఎన్‌ తీసుకున్న రోజునే ఆ రెండూ పోయాయి.

‘సూపర్‌లో బీమా ఉంది కదా’ అంటారేమో. ఈ రెండేళ్ళలో మీ సూపర్‌లో ఒక్క డాలరైనా వేశారా? వేసి ఉంటే ఉత్తరంలో రాసేవారు. ఖాతాలో వరసగా 16 నెలలు ఏమీ జమ కాకపోతే, అందులోని బీమాను ఆపేయాలని 2019 జూలై నుంచి చట్టం ఉంది. కొనసాగించాలని మీరు ముందే రాసి ఇస్తే తప్ప ఆగిపోతుంది. ఆపే ముందు వాళ్ళు ఉత్తరాలు, ఈమెయిళ్ళు పంపుతారు. అవి పాత చిరునామాకో, తెరవని మెయిలుకో వెళ్ళి పడి ఉంటాయి. నా దగ్గరకు వచ్చిన ఒక పెయింటరుకు నిచ్చెన మీద నుంచి పడి నడుము దెబ్బతిన్న తరవాత తెలిసింది, తన బీమా ఎనిమిది నెలల కిందటే పోయిందని. ఆయనకూ రెండేళ్ళ ఏబీఎన్నే.

అందుకని మొదటి పని: సూపర్‌ సంస్థకు ఫోను చేయండి. ప్రాణానికి, శాశ్వత వైకల్యానికి, ఆదాయానికి విడివిడిగా బీమా ఉందా, ఎంత ఉంది అని అడగండి. పోయిందంటే బయట ఇన్‌కమ్‌ ప్రొటెక్షన్‌ పాలసీ (పని చేయలేని రోజుల్లో ఆదాయం ఇచ్చే బీమా) తీసుకోండి. దాని ప్రీమియానికి పన్ను మినహాయింపు ఉంది. ఆరోగ్య వివరాల్లో ఏదీ దాచకండి. ఇప్పటికే మోకాలు నొప్పి ఉంటే ఉందనే రాయండి.

ఇక్కడే మీ నగదు పనుల సంగతి ఎదురు తిరుగుతుంది. బీమా సంస్థ చూసేది మీరు ప్రకటించిన ఆదాయాన్ని, ఖర్చులు పోగా మిగిలినదాన్ని. పాలసీ ఆదాయంలో 70 శాతం ఇస్తుందనుకుంటే, 48 వేలకు 33,600, అంటే నెలకు 2,800. చూపించని డబ్బుకు బీమా లేదు, ఇంటి రుణం దగ్గర విలువ లేదు. పన్ను కార్యాలయం పట్టుకుంటే పెనాల్టీ మాత్రం ఉంది. నేను నీతులు చెప్పడం లేదు. దాచిన ప్రతి డాలరూ మీకు దెబ్బ తగిలిన రోజున మీ ఇంట్లో లోటుగా కనిపిస్తుంది, అది చెబుతున్నాను.

పాలసీ ఉన్నా డబ్బు మర్నాడే రాదు. 30 రోజుల వెయిటింగ్‌ పీరియడ్‌ తీసుకున్నారనుకోండి. ఆ 30 రోజులు గడిచాక మొదలయ్యే నెలకు సొమ్ము ఆ నెల చివరన ఇస్తారు. అంటే దాదాపు 60వ రోజు దాకా ఇల్లు నడపాల్సింది మీరే. అత్యవసర నిధి ఉండేది ఈ అరవై రోజుల కోసం. మీ భార్య జీతం పోను నెలకు 3,300 తగ్గుతుంది, రెండు నెలలకు 6,600. కానీ చెయ్యి కట్టుతో కూర్చున్న మనిషి కారు నడపలేడు. పిల్లల్ని బడికి దించడానికి, మిమ్మల్ని ఆస్పత్రికి తీసుకెళ్ళడానికి ఆవిడ షిఫ్టులు వదులుకోవాల్సి వస్తుంది. అందుకే నా లెక్క మూడు నెలల పూర్తి ఖర్చు: 16,800 డాలర్లు.

మీ దగ్గరున్నది 9 వేలు కాదు. 4,300 ప్రభుత్వానిది, మీ ఖాతాలో తాత్కాలికంగా కాపురముంది. మీది 4,700. జీఎస్టీకి ఇప్పుడే వేరే ఖాతా తెరిచి, బిల్లు డబ్బు పడిన రోజే ఆ భాగాన్ని అందులోకి పంపండి. ఇక నిధికి తక్కువైంది 12,100. చీటీని మధ్యలో పాడకుండా చివరిదాకా ఉంచితే పది వేల దాకా వస్తుంది. వారానికి 40 చొప్పున ఈ ఏడు నెలల్లో ఇంకో 1,200. మిగిలిన కొంచెమూ చీటీ అయిపోయాక మిగిలే 500తో రెండు నెలల్లోపే నిండుతుంది. తొమ్మిది నెలలు కూడా పట్టదు. ఇంటి రుణానికి ఆఫ్‌సెట్‌ ఖాతా (అందులో ఉన్నంత మేర రుణం మీద వడ్డీ తగ్గించే ఖాతా) ఉంటే అందులోనే ఉంచండి. ఇంకో చీటీ మాత్రం వేయకండి. స్నేహితుల మధ్య చీటీకి స్నేహమే పూచీ, చీటీ చెడితే స్నేహమూ పోతుంది.

ఇక అప్పు. నాకు ఓపిక తగ్గేది ఇక్కడే.

మీరు జతచేసిన కాగితం ప్రకారం 30 వేలకు 39 వేలు తిరిగి కట్టాలి. ఏడాదిలో 260 పని దినాలు, రోజుకు 150 డాలర్లు ఖాతాలోంచి వాళ్ళే లాగేస్తారు. అందులో ‘వడ్డీ’ అన్న మాటే లేదు, ‘రుసుము 9 వేలు’ అని ఉంది. మీరు దాన్ని 30 శాతం అనుకుంటారేమో. రోజూ అసలు తిరిగి వెళ్ళిపోతుంటే ఏడాది పొడవునా మీ చేతిలో సగటున ఉండేది 15 వేలే. నిజమైన వడ్డీ ఏటా 50 శాతం పైమాటే. మన లెక్కలో చెప్పాలంటే నూటికి నాలుగున్నర రూపాయల వడ్డీ. ఊళ్ళో ఎవరైనా మూడు రూపాయల వడ్డీకి తెచ్చానంటే నాలుక కరుచుకుంటాం. ఇది కూరగాయల బండివాళ్ళకు ఇచ్చే రోజువారీ ఫైనాన్సే. 2015లో విజయవాడలో కాల్‌మనీ గొడవ బయటపడినప్పుడు మనమంతా ‘అయ్యో పాపం’ అన్నాం. అదే సరుకు ఇక్కడ ఫోను యాప్‌లో వస్తే ‘బిజినెస్‌ ఫండింగ్‌’ అయిపోయింది.

డిసెంబరు మూడో వారంలో సైట్లు మూతపడితే మళ్ళీ తెరిచేది జనవరి మధ్యలో. ఆ మూడు వారాలూ మీకు బిల్లు లేదు, వాళ్ళకు మాత్రం రోజూ 150. వాన పడినా అంతే. పైగా అప్పు వ్యాపారం కోసమేనని మీ చేత ఒక ప్రకటన మీద సంతకం పెట్టించుకుంటారు. మామూలు వినియోగదారుడికి రుణ చట్టంలో ఉండే రక్షణ ఆ సంతకంతో మీకు పోతుంది. ఇంత వడ్డీకి తెచ్చి ఏడేళ్ళ తాళం ఉన్న ఖాతాలో వేస్తానని రాశారే, ఆ వాక్యం మీ భార్యకు చదివి వినిపించండి.

జీఎస్టీకి ఇబ్బందైతే పన్ను కార్యాలయాన్నే వాయిదాలు అడగండి. వాళ్ళ వడ్డీ సుమారు 11 శాతం, రోజువారీ చక్రవడ్డీ, 2025 జూలై నుంచి దానికి పన్ను మినహాయింపూ లేదు. అది నాకేమీ ఇష్టమైన దారి కాదు, కానీ మీ యాప్‌ పక్కన పెడితే ధర్మాత్ముల సత్రంలా ఉంటుంది. యూట్‌ సంగతంటారా, నడిచే వ్యానుంది, నడవనివ్వండి.

సూపర్‌లో సొంతంగా వేసుకోవడం లీవు పథకం కంటే పన్నులో లాభం, పన్ను మినహాయింపు కోరుతున్నట్టు సూపర్‌ సంస్థకు నోటీసు ఫారం ఇవ్వడం మరవకండి. అయినా అదీ తాళం వేసిన పెట్టే. బీమా బతికి ఉండటానికి అప్పుడప్పుడు కొంత వేస్తే ప్రస్తుతానికి చాలు.

పాలసీ చేతికొచ్చి, ఆఫ్‌సెట్‌లో 16,800 కనిపించిన నెల నుంచి ఆ 40 డాలర్లు లీవ్‌ప్లస్‌కు నిశ్చింతగా కట్టుకోండి. అప్పుడది నిజంగా సెలవు డబ్బే అవుతుంది, పిల్లల్ని తీసుకుని రెండు నెలలు ఊరెళ్ళి రావచ్చు.