టెక్ సందేహాలు: గీత కలిసింది, లెక్క కలవలేదు

ఈసారి చోటంతా స్మాల్ యాంగిల్ స్కాటరింగ్ ప్రశ్నలకే ఇస్తున్నాను. వీటిని అడిగినవాళ్లు చాలావరకు పరిశోధక విద్యార్థులు. ఎంతో కష్టపడి ఒకటి రెండు రోజుల బీమ్ టైమ్ (పెద్ద పరిశోధన కేంద్రాల్లో బీమ్ వాడుకునే సమయం) సంపాదించి, డేటా తెచ్చుకుని, సాఫ్ట్‌వేర్ ముందు కూర్చున్నాక ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్ పడుతున్నవాళ్లు.

ఈ విషయం కొత్తగా వింటున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. శాంపిల్ మీదకు ఎక్స్-రే గానీ న్యూట్రాన్ బీమ్ గానీ పంపితే, అందులో కొంత చాలా చిన్న కోణాల్లో పక్కకు చెదురుతుంది. అది చెదిరిన తీరును బట్టి, ఒక నానోమీటర్ నుంచి వంద నానోమీటర్లు, ఆపైన ఉండే కణాల సైజు, ఆకారం తెలుసుకోవచ్చు. గ్రాఫ్‌లో అడ్డంగా ఉండేది క్యూ (చెదిరిన కోణాన్ని బట్టి వచ్చే అంకె), నిలువుగా ఉండేది ఇంటెన్సిటీ (అక్కడ ఎంత చెదిరిందో). 2 పైని క్యూతో భాగిస్తే, ఆ పాయింట్ సుమారు ఎంత దూరం గురించి చెబుతోందో తెలుస్తుంది. అంటే క్యూ చిన్నదైతే పెద్ద దూరాల సంగతి, పెద్దదైతే చిన్న దూరాల సంగతి. డేటా నుంచి ఆకారం నేరుగా రాదు. ముందు మనమే ఒక మోడల్ అనుకుని, దాని గీత డేటాతో కలిసేలా విలువలు సర్దాలి, దీన్నే ఫిట్ చేయడం అంటారు. చిక్కులన్నీ అక్కడే మొదలవుతాయి.

ప్రశ్న: మా సిలికా గోళాల వ్యాసార్థం ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో 20 నానోమీటర్లు వచ్చింది. అదే శాంపిల్ ఎక్స్-రే డేటాను సాస్‌వ్యూ అనే సాఫ్ట్‌వేర్‌లో స్ఫియర్ (గోళం) మోడల్‌తో ఫిట్ చేస్తే రేడియస్ 20 అని వచ్చింది. గీత పాయింట్ల మీదుగా చక్కగా పోతోంది. ఒక్క స్కేల్ మాత్రం 10 చూపిస్తోంది. పట్టించుకోవాలా?

తప్పకుండా పట్టించుకోవాలి. రెండు చోట్లా 20 అని కనిపించినా అవి ఒకటి కావు. సాస్‌వ్యూ రేడియస్‌ను ఆంగ్‌స్ట్రామ్‌లలో చూపిస్తుంది. 20 ఆంగ్‌స్ట్రామ్‌లంటే 2 నానోమీటర్లే. మీ గోళం పదింతలు చిన్నదైపోయింది.

కారణం దాదాపుగా మీ ఫైల్‌లోనే ఉంటుంది. చాలా ఎక్స్-రే పరికరాలు క్యూను నానోమీటర్ విలోమంలో రాసిస్తాయి. యూనిట్ ఏమిటో చెప్పని మామూలు టెక్స్ట్ ఫైల్‌ను తెరిస్తే, సాస్‌వ్యూ అది ఆంగ్‌స్ట్రామ్ విలోమం అనుకుని ముందుకెళ్తుంది. ఒక ఆంగ్‌స్ట్రామ్ విలోమం అంటే పది నానోమీటర్ విలోమాలు. ఫైల్ తెరిచి చివరి వరుసలో క్యూ ఎంతుందో చూడండి. స్మాల్ యాంగిల్ డేటా ఆంగ్‌స్ట్రామ్ విలోమంలో ఉంటే సాధారణంగా 0.3, 0.5 దగ్గర ఆగిపోతుంది. మీ ఫైల్‌లో అది 3 దాకా వెళ్తుంటే అది నానోమీటర్ విలోమమేనని అనుమానించాలి.

కాగితం మీద కూడా సరిచూసుకోవచ్చు. ఒకే సైజు గోళాల గ్రాఫ్‌లో మొదటి లోయ ఎప్పుడూ ఒకే చోట పడుతుంది: క్యూను వ్యాసార్థంతో గుణిస్తే 4.49 వచ్చేచోట. 200 ఆంగ్‌స్ట్రామ్‌ల గోళానికి ఆ లోయ 0.0225 దగ్గర రావాలి. మీ గ్రాఫ్‌లో 0.225 దగ్గర ఉందంటే సంగతి తేలిపోయినట్టే.

ఇక ఆ స్కేల్. డేటా అబ్సల్యూట్ యూనిట్లలో (ప్రామాణిక శాంపిల్‌తో సరిచూసిన అసలు ఇంటెన్సిటీ విలువల్లో) ఉండి, మిగతా విలువలన్నీ సరిగ్గా ఇస్తే, ఈ మోడల్‌లో స్కేల్ అంటే ద్రావణంలో కణాలు ఆక్రమించిన ఘనపరిమాణపు వంతు. నూటికి ఒక వంతు కలిపితే 0.01 రావాలి. వ్యాసార్థం పదో వంతైతే ఒక్కో గోళం ఘనపరిమాణం వెయ్యో వంతు అవుతుంది. ఆ లోటు పూడ్చడానికి స్కేల్ వెయ్యి రెట్లు పెరిగి 10 అయింది. మొత్తం ద్రావణం కంటే అందులోని కణాలు పదింతలు ఎక్కువ చోటు ఆక్రమించడం జరగని పని. గీత ఎంత అందంగా కలిసినా, ఆ ఒక్క అంకె తప్పు ఎక్కడుందో చెప్పేసింది. క్యూ కాలమ్‌ను పదితో భాగించి మళ్లీ ఫిట్ చేయండి.

ప్రశ్న: భారజలంలో సిలికా, న్యూట్రాన్ డేటా. స్కేల్, బ్యాక్‌గ్రౌండ్, కణం ఎస్‌ఎల్‌డీ, సాల్వెంట్ ఎస్‌ఎల్‌డీ, రేడియస్ అన్నింటికీ టిక్ పెట్టి ఫిట్ నొక్కుతున్నాను. కై స్క్వేర్ (గీత డేటాకు ఎంత దగ్గరగా ఉందో చెప్పే అంకె) ప్రతిసారీ 1.1 దగ్గరే ఉంటోంది. కానీ స్కేల్, ఎస్‌ఎల్‌డీ విలువలు మాత్రం ఒక్కోసారి ఒక్కోలా వస్తున్నాయి. సాఫ్ట్‌వేర్‌లో లోపమా?

లోపం సాఫ్ట్‌వేర్‌లో లేదు. మీరు దానికి ఒక్కటే జవాబంటూ లేని లెక్క ఇచ్చారు.

ఎస్‌ఎల్‌డీ అంటే స్కాటరింగ్ లెంగ్త్ డెన్సిటీ. ఒక పదార్థం న్యూట్రాన్లను ఎంత బలంగా చెదరగొడుతుందో చెప్పే కొలత. గ్రాఫ్‌లో కనిపించేది కణానికీ సాల్వెంట్‌కూ మధ్య ఉన్న తేడా మాత్రమే, అది కూడా వర్గం రూపంలో. ఇంటెన్సిటీలో స్కేల్, ఈ తేడా వర్గం ఒకదానితో ఒకటి గుణించుకుని ఉంటాయి. సాస్‌వ్యూ వాడే యూనిట్లలో సిలికా ఎస్‌ఎల్‌డీ సుమారు 3.5, భారజలానిది సుమారు 6.4. తేడా 2.9. ఫిట్ ఈ తేడాను సగం చేసి 1.45 అనుకుని, స్కేల్‌ను 0.01 నుంచి 0.04కు పెంచిందనుకోండి, గీత వెంట్రుకవాసి కూడా కదలదు. అలాంటి జంటలు లెక్కలేనన్ని ఉంటాయి. ప్రతిసారీ వాటిలో ఏదో ఒకటి మీ చేతికొస్తోంది, అన్నింటికీ కై స్క్వేర్ ఒకటే.

అందుకే తెలిసిన విలువలను ఫిట్‌కు వదలకూడదు. సాస్‌వ్యూ టూల్స్ మెనూలోనే ఎస్‌ఎల్‌డీ క్యాలిక్యులేటర్ ఉంది. ఫార్ములా, సాంద్రత ఇస్తే విలువ లెక్కగట్టి ఇస్తుంది. అమార్ఫస్ సిలికాకు సాంద్రత 2.2 ఇవ్వండి. వచ్చిన అంకెను పెట్టెలో రాసి టిక్ తీసేయండి. సాల్వెంట్‌కూ అంతే. మీ భారజలంలో మామూలు నీరు కొంత కలిసి ఉంటే ఆ నిష్పత్తిని కూడా లెక్కలోకి తీసుకోండి. మామూలు నీటి విలువ మైనస్ 0.56 కాబట్టి కొద్ది శాతం కలిసినా తేడా కనిపిస్తుంది.

నేను ఏ ఫిట్ అయినా మొదలుపెట్టే తీరు ఇది. ముందు ఫిట్ బటన్ జోలికే వెళ్లను. మోడల్ గీతను డేటా మీద వేసి, రేడియస్ పెట్టెలో అంకె మారుస్తూ, మోడల్ లోయ డేటా లోయ మీదకు వచ్చేదాకా చేత్తోనే జరుపుతాను. తర్వాత స్కేల్‌కూ బ్యాక్‌గ్రౌండ్‌కూ మాత్రమే టిక్ పెట్టి ఫిట్ నొక్కుతాను. అవి కుదురుకున్నాక రేడియస్‌ను కూడా వదులుతాను. పాలీడిస్పర్సిటీ, అంటే కణాల సైజుల్లో తేడా, అన్నిటికన్నా చివర. ఇది చాదస్తం అనిపించొచ్చు గానీ దీనికి గట్టి కారణం ఉంది. మామూలుగా వాడే లెవెన్‌బర్గ్-మార్క్వార్ట్ పద్ధతి చాలా వేగవంతమైనది, కానీ మొదలుపెట్టిన చోటి నుంచి కిందికి దిగుతూ దగ్గర్లో దొరికిన మొదటి పల్లంలోనే ఆగిపోతుంది. గోళం గ్రాఫ్ నిండా ఎత్తుపల్లాలే. అసలు రేడియస్ 200 అయినప్పుడు, డిఫాల్ట్‌గా ఉన్న 50 నుంచి మొదలుపెడితే, మోడల్‌లోని ఒక లోయ డేటాలోని వేరే లోయ మీద కూర్చుని అక్కడే ఇరుక్కుపోవచ్చు.

చివర్లో ఒకసారి డ్రీమ్ పద్ధతితో కూడా నడపండి. టైమ్ పడుతుంది, అయినా చేయండి. అది ఒక్క జవాబుతో ఆగకుండా డేటా ఒప్పుకునే జవాబులన్నీ ఎంత మేర పరుచుకుని ఉన్నాయో చూపిస్తుంది. ప్రతి రెండు పారామీటర్లకూ ఒక చిన్న బొమ్మ వస్తుంది. మచ్చ గుండ్రంగా ఉంటే ఆ రెండూ దేనిదారిన అవి ఉన్నాయని అర్థం. సన్నగా వంకర తిరిగిన చారలా సాగితే ఒకటి పెరిగినప్పుడు రెండోది సర్దుకుంటోందన్నమాట. మీ స్కేల్‌కూ ఎస్‌ఎల్‌డీకీ టిక్ ఉంచే ఒకసారి డ్రీమ్ నడిపి ఆ చారను కళ్లారా చూడండి. పేజీల కొద్దీ నేను రాసినా రాని నమ్మకం ఆ ఒక్క బొమ్మతో వస్తుంది.

ప్రశ్న: మోడల్‌లో లోయలు బాగా లోతుగా వస్తున్నాయి, డేటాలో మాత్రం పూడిపోయినట్టున్నాయి. పాలీడిస్పర్సిటీ 0.2 పెడితే సరిపోయింది. అదే నిజమని రాసేయొచ్చా?

అప్పుడే వద్దు. లోయలు పూడడానికి కణాల సైజుల్లో తేడాలు ఒక కారణం, పరికరం రిజల్యూషన్ ఇంకో కారణం. న్యూట్రాన్ పరికరాల్లో వెలాసిటీ సెలెక్టర్ (ఒక వేగం దగ్గరి న్యూట్రాన్లనే పంపే భాగం) గుండా వచ్చే బీమ్‌లో తరంగదైర్ఘ్యం ఒకే విలువ దగ్గర ఉండదు, సుమారు పది శాతం అటూ ఇటూ పరుచుకుని ఉంటుంది. దానివల్ల ప్రతి పాయింట్ క్యూలో కొద్దిగా మసకబారుతుంది. ఆ మసకను లెక్కలోకి తీసుకోకపోతే నింద మొత్తం పాలీడిస్పర్సిటీ మీద పడుతుంది, కణాలు ఉన్నదానికన్నా అడ్డదిడ్డంగా తయారైనట్టు కనిపిస్తాయి. కణాలు కష్టపడి తయారుచేసినవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

మీ ఫైల్‌లో నాలుగో కాలమ్ ఉందేమో చూడండి. మొదటి మూడు క్యూ, ఇంటెన్సిటీ, దాని ఎర్రర్ అయితే నాలుగోది క్యూ రిజల్యూషన్. అది ఉంటే ఫిట్ సెట్టింగుల్లో స్మియరింగ్ (ఆ మసకను లెక్కలోకి తీసుకోవడం) ఆన్ చేసి మళ్లీ నడపండి. లేకపోతే బీమ్‌లైన్‌లో మీకు సాయం చేసిన శాస్త్రవేత్తకు మెయిల్ రాసి అడిగి తెప్పించుకోండి. అడగడానికి మొహమాటపడొద్దు, అది వాళ్ల దగ్గర ఉంటుంది. ఆ తర్వాత మిగిలిన మసకే పాలీడిస్పర్సిటీది.

సిలిండర్ మోడల్ వాడేవాళ్లకు ఒక మాట. పొడవుకూ వ్యాసార్థానికీ రెండింటికీ పాలీడిస్పర్సిటీ పెట్టారంటే, డిఫాల్ట్‌గా ఉన్న 35 పాయింట్ల చొప్పున 35ను 35తో గుణించి 1,225 సిలిండర్ల లెక్క ఒక్కో గీతకు. కంప్యూటర్ హ్యాంగ్ అయిందని కంగారుపడి మూసేయకండి. ముందు ఒకదానికే పెట్టి చూడండి.

ప్రశ్న: నా కై స్క్వేర్ 0.2 వచ్చింది. 1 కన్నా తక్కువ కాబట్టి ఇంకా మంచిదే కదా?

కాదు. మోడల్ సరైనదై, ఎర్రర్ బార్లు నిజమైనవైతే అది 1 దగ్గర ఉండాలి. 0.2 అంటే ఎర్రర్లు ఉన్నదానికన్నా పెద్దవిగా రాసి ఉన్నాయని అనుమానించాలి. ఫైల్‌లో ఎర్రర్ కాలమ్ లేకుండా ఫిట్ చేస్తే మాత్రం ఆ అంకెకు అర్థమే లేదు, దాన్ని థీసిస్‌లో రాయకండి. కై స్క్వేర్ కన్నా రెసిడ్యువల్స్ (డేటాకూ మోడల్‌కూ మధ్య మిగిలిన తేడాలు) గ్రాఫ్‌ను నమ్మండి. సున్నా గీతకు పైనా కిందా చుక్కలు ఏ వరుసా లేకుండా చల్లినట్టుంటే మంచిది. పాములా మెలికలు తిరుగుతుంటే, కై స్క్వేర్ ఎంత ముచ్చటగా ఉన్నా మోడల్ ఏదో వదిలేసింది.

ప్రశ్న: గాఢత పెంచిన శాంపిల్‌లో చిన్న క్యూ దగ్గర ఇంటెన్సిటీ పైకి పోకుండా కిందికి వంగుతోంది. ఏ ఆకారం పెట్టినా అక్కడ ఫిట్ కలవడం లేదు. ఎలిప్సాయిడ్ ప్రయత్నించాలా?

ఆకారం మార్చినా ప్రయోజనం ఉండదు. ఒంటరి కణం ఏ ఆకారంలో ఉన్నా దాని ఇంటెన్సిటీ చిన్న క్యూ వైపు వెళ్లేకొద్దీ పెరిగి సమంగా నిలుస్తుందే తప్ప ఇలా వంగదు. మీరు చూస్తున్నది కణాలు ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకోవడం. దాన్ని స్ట్రక్చర్ ఫ్యాక్టర్ అంటారు. స్ఫియర్ మోడల్ ఎంచుకున్నాక పక్కన ఉన్న స్ట్రక్చర్ ఫ్యాక్టర్ జాబితాలో హార్డ్ స్ఫియర్ పెట్టి చూడండి. కణాల మీద చార్జ్ ఉంటే హేటర్-పెన్‌ఫోల్డ్ మోడల్ వాడాలి. అన్నింటికన్నా నమ్మకమైన దారి ప్రయోగంలోనే ఉంది. అదే శాంపిల్‌ను పలచబరిచి మళ్లీ కొలవండి. పలచనిదాంట్లో ఆ వంపు మాయమైతే రేడియస్‌ను అక్కడే తేల్చుకుని, ఆ విలువను కదలకుండా పెట్టి గాఢమైనదానికి రండి. ఈ వంపున్న డేటా మీద గినియర్ గీత (చిన్న క్యూ దగ్గరి వాలును బట్టి సైజు తేల్చే పద్ధతి) గీసి సైజు చెప్పడం మాత్రం చేయకండి. గీత తిన్నగానే పడుతుంది, సైజు తక్కువగా వస్తుంది.

ప్రశ్న: ఇవన్నీ చేయడానికి ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలి?

మోడల్ ఫిట్టింగ్ నేర్చుకునేవాళ్లకు నేను సాస్‌వ్యూనే చెబుతాను. ఉచితం, ఓపెన్ సోర్స్. అమెరికాలో డాన్స్ అనే ప్రాజెక్టులో పుట్టింది, ఇప్పుడు పలు దేశాల న్యూట్రాన్, ఎక్స్-రే కేంద్రాలవాళ్లు కలిసి నడుపుతున్నారు. ప్రతి మోడల్‌కూ సూత్రం, పారామీటర్ల అర్థం, యూనిట్లు హెల్ప్‌లోనే ఉంటాయి. పాల్ షెరర్ ఇన్‌స్టిట్యూట్ నుంచి వచ్చిన సాస్‌ఫిట్ కూడా ఉచితమే. ఇగోర్ ప్రో అనే డేటా విశ్లేషణ సాఫ్ట్‌వేర్ ఇప్పటికే ఉన్నవాళ్లు అందులో నడిచే ఇరీనా వాడొచ్చు. ప్రొటీన్ల మీద పనిచేసేవాళ్లకు మాత్రం హాంబర్గ్‌లో తయారైన ఆట్సాస్ వైపే వెళ్లమంటాను, ఎందుకంటే అక్కడ కావాల్సింది గోళాలూ సిలిండర్లూ కాదు.

వేసుకున్న వెంటనే మీ డేటా తెరవకండి. దాంతోపాటే వచ్చే ఎగ్జాంపుల్ డేటాలోంచి, విలువలు ముందే తెలిసిన గోళాల ఫైల్ ఒకటి తీసుకుని ఫిట్ చేయండి. అక్కడ సరైన రేడియస్ వచ్చాక మీ ఫైల్ తెరవండి, చివరి వరుసలో క్యూ ఎంతుందో చూడటంతో మొదలుపెట్టండి.