చుక్కి ఆపరేషన్ గురించి

అమ్మలూ,

మీ కుక్క చుక్కికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తున్నావని, గురువారానికి తేదీ కూడా తీసుకున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎవరూ చెప్పకుండా నీ అంతట నువ్వే డాక్టర్‌తో మాట్లాడి ఖాయం చేసుకున్నావంటే ఎంత ముచ్చటేసిందో! గర్భసంచికి చీము పట్టే జబ్బు భయం కూడా దీంతో తీరిపోతుంది. ఆ వెంటనే నాకు టెన్షన్ కూడా పట్టుకుంది. నీది మెత్తటి మనసు. అది మూలిగితే నువ్వు తట్టుకోలేవు. అందుకే ఈ ఉత్తరం.

మొదటి రోజు సంగతి తేలికే. మత్తు పూర్తిగా దిగడానికి ఒక రోజు పట్టొచ్చు. తూలుతుంది, మూలుగుతుంది. మంచం, సోఫా ఎక్కనివ్వకుండా నేల మీదే దుప్పటి పరిచి వెచ్చగా పడుకోబెట్టు. సాయంత్రం కొంచెమే తిండి పెట్టు, వాంతి చేసుకుంటే ఆ పూటకు ఆపెయ్. మత్తు కోసం గొంతులోకి గొట్టం వేస్తారు కాబట్టి ఒకటి రెండు రోజులు పొడిదగ్గు రావచ్చు, కంగారు పడకు. మీ పిల్లి దాన్ని చూసి బుస కొట్టినా ఆశ్చర్యపోకు. ఆసుపత్రి వాసనకి అలా చేస్తుంది. రెండింటినీ వేరే గదుల్లో ఉంచు.

అసలు కష్టం మూడో రోజు నుంచి మొదలవుతుంది. అప్పటికి దానికి హుషారొస్తుంది, నీకు ధైర్యమొస్తుంది. పొట్ట కోసి చేసిన ఆపరేషన్ అమ్మా ఇది. కండరానికి లోపల కుట్లు వేసి, ఆపైన చర్మాన్ని మూస్తారు. పైకి మానినట్టే కనిపిస్తుంది గానీ లోపల కండరం ఇంకా అతుక్కోవాలి. అందుకే 10 నుంచి 14 రోజులు పరుగులు, గెంతులు, మెట్లు, స్నానం ఏవీ వద్దు. బయటికి లీష్ వేసి తీసుకెళ్లు, పని కాగానే లోపలికి తెచ్చెయ్.

ఇక కోన్ గురించి, అదే, కుట్లు నాక్కోకుండా మెడ చుట్టూ తొడిగే గరాటు లాంటిది. మా కుక్క రాణి నీకు లీలగా గుర్తుండాలి, నీకు ఊహ తెలిసేసరికే అది ముసలిదైపోయింది. వయసులో ఉన్నప్పుడు దానికీ ఇదే ఆపరేషన్ చేయించాం. మెడకు కోన్ వేసి పంపారు. దానికి అది బొత్తిగా గిట్టలేదు. గోడలకు కొట్టుకునేది, తలుపు సందులో ఇరుక్కునేది, రాత్రంతా కుయ్‌మంటూనే ఉండేది. మీ పెదనాన్న సంగతి తెలుసుగా. ఓ రాత్రి "పాపం, కాసేపు కంటినిండా నిద్రపోనీ, నేను కూర్చుని చూస్తాను" అని విప్పేశారు. కూర్చున్నారు కూడా. తెల్లవారుజామున ఆయనకు కునుకు పట్టింది. నేను లేచి చూసేసరికి దుప్పటి మీద రక్తపు మరకలు. రాణి తల వంచుకుని పొట్ట నాక్కుంటోంది. కుట్లు కొన్ని ఊడిపోయి చర్మం విడిపోయింది. లోపలి కుట్లు నిలవబట్టి సరిపోయింది, అవి కూడా తెగి ఉంటే పేగులు బయటికి వచ్చేవని డాక్టర్ చెప్పారు. మళ్లీ మత్తు, మళ్లీ కుట్లు, రోజుల లెక్క మళ్లీ మొదటికొచ్చింది. ఆయన ఆ రోజంతా భోజనం ముట్టలేదు. నేనూ ఏమీ అనలేకపోయాను. దాని బాధ చూడలేకే కదా చేశారు!

నిన్ను మాత్రం ముందే కోప్పడుతున్నాను. అది ఎంత జాలిగా చూసినా కోన్ విప్పకు. రాత్రిపూట అసలే వద్దు. కోన్ అంచు ముక్కు దాటి కొంచెం ముందుకు ఉండాలి, మెడ దగ్గర రెండు వేళ్లు దూరేంత వదులుండాలి. కోన్‌తో తినలేకపోతే గిన్నెను కాస్త ఎత్తు మీద పెట్టి చూడు. అప్పటికీ కుదరకపోతే నీ కళ్లముందు తిన్నంతసేపు తీసి, వెంటనే తొడిగెయ్. ఒళ్లంతా కప్పే సర్జరీ సూట్ చుక్కికి పనికొస్తుందేమో డాక్టర్‌ని అడుగు.

కుట్లను రోజుకు రెండుసార్లు చూడు. రోజూ ఒక ఫొటో తీసి పెట్టుకుంటే తేడా తెలుస్తుంది. కాస్త ఎరుపు, కొద్దిపాటి వాపు మామూలే. చీము, దుర్వాసన, విడిపోయిన చర్మం, పెరుగుతున్న వాపు మామూలు కాదు. చిగుళ్లు పాలిపోయినా, పొట్ట ఉబ్బినా, లేవలేనట్టు పడి ఉన్నా, నాకు కూడా ఫోన్ చెయ్యకుండా నేరుగా డాక్టర్ దగ్గరికి పరిగెత్తు. లోపల రక్తం పోతుంటే అలా ఉంటుంది.

ఇంకో మాట, దీని మీద నాకు చాలా భయం. మన నొప్పి మాత్రలు దానికి వెయ్యకు. ఐబుప్రోఫెన్ కుక్కలకు విషం. పారాసిటమాల్ ఒక్క మాత్ర చాలు, పిల్లి ప్రాణం పోవడానికి. డాక్టర్ ఇచ్చినవే, చెప్పిన లెక్కలోనే వెయ్యి. కుట్ల మీద కూడా సొంతంగా ఏ ఆయింట్‌మెంటూ పూయకు.

మీ ఎదురింటివాళ్లు వాళ్ల మగకుక్కకు చేయిస్తామన్నారట కదా. ఆపరేషన్ అయినా కొన్ని వారాలపాటు దానివల్ల పిల్లలు పుట్టొచ్చని వాళ్లకు చెప్పు, చాలామందికి తెలియదు.

గురువారం, శుక్రవారం సెలవు పెట్టుకున్నావా? ఆ తర్వాత నువ్వు ఆఫీసుకు వెళ్తే పగలు దాని దగ్గర ఎవరుంటారు? ఎవరూ లేకపోతే మొహమాటపడకుండా మంగళవారంలోగా చెప్పు. నేనే వస్తాను.

మీ పెద్దమ్మ