మారుపేరా, కలంపేరా?

సందేహం: మా తాతగారి ట్రంకుపెట్టెలో పాత నాటకం ఒకటి దొరికింది. రచయిత పేరుండాల్సిన చోట ‘ఒక విశాఖవాసి’ అని మాత్రమే ఉంది. దీన్ని మారుపేరనాలా, కలంపేరనాలా? ఆయనెవరో తెలుసుకునే దారుందా? (నా పేరు వేయొద్దు.)
– ఒక పాఠకురాలు, పెదవాల్తేరు

సమాధానం: మీరూ పేరు వేయొద్దన్నారు, దాంతో విశాఖవాసులు ఇద్దరయ్యారు.

కలంపేరు ఇంగ్లీషువాళ్ల మాటకు మనం చేసుకున్న అనువాదం. కలం అరబ్బీ నుంచి వచ్చింది, గ్రీకులో దాని చుట్టానికి రెల్లు అని అర్థం. (సంస్కృతంలోనూ కలమం ఉంది కదా అని ఉత్తరాలు రాయకండి, తెలుసు.) మన పెద్దలు తాటాకు మీద గంటంతో రాశారు గానీ ‘గంటంపేరు’ అని ఎవరూ పెట్టుకోలేదు. వాళ్ల మాట ముద్ర. క్షేత్రయ్య పదాల్లో ‘మువ్వగోపాల’ అని వస్తుంది చూడండి, అదీ ముద్రంటే. త్యాగరాజు తన పేరే వేసుకుంటే, ఈయన తను పక్కకి తప్పుకుని మొవ్వ ఊరి గోపాలుణ్ణి నిలబెట్టాడు. పోనీ క్షేత్రయ్య అన్నదైనా అసలు పేరా అంటే, క్షేత్రాలు తిరిగినందుకు వచ్చిన పేరనీ, పెట్టిన పేరు వరదయ్య అనీ అంటారు. అంత కవికి పెట్టిన పేరు కూడా ‘అంటారు’ దగ్గరే ఆగిపోయింది.

మారుపేరులో దాపరికం ఉంది, మారువేషంలోలాగే. ఇప్పుడేమో సన్మానపత్రాల్లో ‘నిజాయితీకి మారుపేరు’ అని రాసేస్తున్నారు, పాపం ఆ పెద్దమనిషి నిజాయితీకి దొంగపేరన్నట్టు! మన ఊరి శ్రీశ్రీది పొడి అక్షరాల పేరు, ఆత్రేయది గోత్రం, వాటిని కలంపేర్లంటే నాకు పేచీ లేదు. మీ విశాఖవాసిది మారుపేరనే వైపే మొగ్గుతాను. కాకపోతే ముందు ఆ ‘ఒక’ ఉంది చూశారూ, అది పేరు చెప్పననడమే తప్ప పేరు కాదేమో కూడా.

ఇక ఆచూకీ. నాటకం మొదట్లో ప్రస్తావన ఉంటే చదవండి, సూత్రధారుడు కవి వంశం చెప్పేస్తుంటాడు. అలాగని నమ్మేయకండి. మృచ్ఛకటికం అనే సంస్కృత నాటకం ప్రస్తావనలో, దాని కవి శూద్రకుడు నూరేళ్ల పది రోజులు బతికి అగ్నిప్రవేశం చేశాడని ఉంది, ఆ ముక్క ఆయనే ఎలా రాశాడో! అంతకన్నా ముఖపత్రం మీదో ఆఖరి అట్ట అడుగునో చిన్నక్షరాల్లో ఏముందో చూడండి. 1867 నాటి ప్రెస్సుల, పుస్తకాల నమోదు చట్టం ప్రకారం అప్పట్లో అచ్చువేసినవాడి పేరు, ఊరు వేయక తప్పేది కాదు. రచయిత దాక్కోవచ్చు, ముద్రాక్షరశాల దాక్కోలేదు. ఆ చట్టం కిందే మద్రాసు ప్రభుత్వం మూడు నెలలకోసారి అచ్చయిన పుస్తకాల జాబితా వేసేది. ప్రెస్సు పేరు, సంవత్సరం దొరికితే అందులో వెతకొచ్చు.

అట్ట ఊడిపోయిందని మాత్రం రాయకండి.