ఇంటి విత్తనంలో కేళీలెందుకు? హైబ్రిడ్ వరి గింజలు దాచుకోవచ్చా?

ప్రశ్న: మూడెకరాల్లో సాంబమసూరి (బీపీటీ 5204) సాగు చేస్తున్నాను. నాలుగేళ్లుగా ఇంటి విత్తనమే. ఈసారి చేలో పొడవాటి మొక్కలు, ముందే ఈనినవి, మీసాల వెన్నులవి, ఇలా వేరే రకం మొక్కలు (కేళీలు) కనిపిస్తున్నాయి. విత్తనంలో సారం పోయిందంటున్నారు. పక్క చేలో హైబ్రిడ్ వరి బాగుంది. ఆ గింజలు దాచి వచ్చే ఖరీఫ్‌లో వేసుకోవచ్చా?
– ఒక రైతు, సూర్యాపేట జిల్లా

జవాబు: సారం ఎక్కడికీ పోలేదు, విత్తనం బెరకైంది, అంటే వేరే రకాల గింజలు కలిశాయి. వరి పువ్వులో గింజ కట్టేది చాలావరకు దాని సొంత పుప్పొడితోనే. పక్క మొక్క పుప్పొడితో కట్టే గింజలు సాధారణంగా నూటికి ఒకటి కూడా ఉండవు. అందుకే విత్తన చేనుకు, వేరే వరి రకానికి మధ్య 3 మీటర్ల ఎడం ఉంటే చాలంటారు. మీ చేలోని కేళీలు ఎక్కువగా కోత యంత్రంలోనో, కళ్లంలోనో కలిసినవై ఉంటాయి. లేదంటే కిందటి పంటలో రాలిన గింజలే మళ్లీ మొలిచి ఉంటాయి. అందరూ గాలిని తిడతారు కానీ యంత్రాన్ని దులిపించేవారు తక్కువ.

హైబ్రిడ్ గింజల ఆలోచన మాత్రం మానుకోండి. పక్క చేలో మీరు చూస్తున్నది రెండు వేర్వేరు తల్లిదండ్రుల తొలి తరం. అందుకే మొక్కలన్నీ ఒకే తీరుగా ఉన్నాయి. వాటికి కాసిన గింజలు రెండో తరం. వాటిని నాటితే జన్యువులు విడిపోయి ఒకటి పొట్టిగా, ఒకటి పొడుగ్గా, ఒకటి ముందుగా, ఒకటి ఆలస్యంగా వస్తాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. మన హైబ్రిడ్ వరిలో ఎక్కువ భాగం మగ వంధ్యత్వమున్న, అంటే సొంత పుప్పొడి పనిచేయని ఆడ వరుస మీద తీసినవే. పుప్పొడిని మళ్లీ పనిచేయించే జన్యువులు తండ్రి నుంచి వస్తాయి. రెండో తరంలో అవి అందని మొక్కలు చాలావరకు తాలు వెన్నులే వేస్తాయి. అంటే ఏటా కొత్త విత్తనం కొనక తప్పదు.

సాంబమసూరి హైబ్రిడ్ కాదు కాబట్టి దానికి ఆ బాధ లేదు. అయితే ఇప్పుడున్న బెరకు విత్తనాన్ని ఏరుతూ కూర్చోకుండా ఈ ఒక్కసారికి ధ్రువీకరించిన విత్తనం తెచ్చుకోండి. సంచికి నీలం ట్యాగు ఉందో లేదో చూడండి. బాక్టీరియా ఎండాకు తెగులు మిమ్మల్ని వేధిస్తుంటే, మూడు నిరోధక జన్యువులు చేర్చి 2008లో విడుదల చేసిన మెరుగైన సాంబమసూరిని అడగండి. గింజ అదే సన్నరకం.

ఆ పైన మూడేళ్ల దాకా మీ విత్తనం మీరే చేసుకోవచ్చు. చేనంతటినీ విత్తనానికి ఉంచనక్కర్లేదు. ఎకరాకు 25 కిలోల చొప్పున మీకు కావలసింది 75 కిలోలు. ఎకరాకు 25 క్వింటాళ్లు పండే చేలో సెంటుకు 25 కిలోలు వస్తాయి కాబట్టి, చేను మధ్యలో ఐదు సెంట్లు గుర్తు పెట్టుకుంటే సరిపోయి మిగులుతుంది. ఆ ఐదు సెంట్లలో మాత్రం కేళీల ఏరివేత గట్టిగా చేయండి. పూతకు ముందు ఎత్తు, ఆకు రంగు చూసి, పూతలో మీసాలు చూసి, కోతకు ముందు గింజ ఆకారం చూసి మొక్కను వేళ్లతో సహా పీకేయండి. వెన్ను మాత్రమే తుంచితే పక్క పిలక మళ్లీ ఈనుతుంది. ఆ ముక్క చేత్తో కోసి, విడిగా నూర్చండి.

గింజలో తేమ 13 శాతానికి మించకుండా ఆరబెట్టి కొత్త గోనె సంచుల్లో పోయండి. పాత సంచులే వాడాల్సి వస్తే తిరగేసి దులపండి, కుట్ల సందుల్లో గింజలు దాక్కుంటాయి. నారు పోయడానికి పదిహేను రోజుల ముందు వంద గింజలు తడి గుడ్డలో కట్టి చూడండి. 80కి తక్కువ మొలిస్తే వాటిని నారుకు వాడకండి.