బారు నుంచి బరిలోకి: మారిషస్ లాయరమ్మాయికి ఉత్తరం

చిరంజీవి అమ్మాయికి,

మావయ్య ఆశీస్సులు. పార్టీ టిక్కెట్టు దాదాపు ఖాయమైందని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. కోర్టులో నువ్వు గట్టిదానివే. కానీ మన దేశంలో లాయరు ఎన్నికల్లో దెబ్బతినేది చట్టం తెలియక కాదు. మైకు చేతికొచ్చాక తెలిసిన చట్టం గుర్తుండదు, అందుకు. కాస్త ఓపిగ్గా చదువు.

ముందు కాగితాలు. రాజ్యాంగం 33వ సెక్షను ప్రకారం నామినేషను నాటికి మొత్తం మీద రెండేళ్లయినా ఇక్కడ నివాసం ఉండాలి. అది కాక, నామినేషనుకు సరిగ్గా ముందున్న ఆరు నెలలూ ఇక్కడే ఉండాలి. నువ్వు లండన్ వెళ్లొచ్చిన తేదీలు పాస్‌పోర్టు చూసి రాసిపెట్టుకో. ఇక 34వ సెక్షనులో లాయర్లు పట్టించుకోని చిక్కొకటుంది. ప్రభుత్వంతో నీకు గానీ, నువ్వు భాగస్వామిగా ఉన్న సంస్థకు గానీ కాంట్రాక్టు ఉంటే, నామినేషను వేసిన 14 రోజుల్లోగా గెజెట్‌లోనూ, నీ నియోజకవర్గంలో చదివే పత్రికలోనూ ఇంగ్లిషులో ప్రకటన ఇవ్వాలి. ఆ కాంట్రాక్టు ఎలాంటిది, అందులో నీ వాటా ఏమిటి అన్నది ప్రకటనలో ఉండాలి. ఏదైనా ప్రభుత్వ శాఖకు ఫీజు ఒప్పందం మీద పని చేస్తుంటే, అది కాంట్రాక్టు కిందికి వస్తుందా రాదా అని వాదించుకుంటూ కూర్చోకు. ప్రకటన ఇచ్చెయ్యి. గెలిచాక సీటు పోవడం కంటే పత్రికకు కట్టే డబ్బు చవక.

బ్యాలెట్ సంగతి నీకు తెలిసిందే, మన చుట్టాలకే సరిగా తెలియదు. ఒక్కో నియోజకవర్గం నుంచి ముగ్గురు ఎన్నికవుతారు కాబట్టి ఓటరు సరిగ్గా మూడు గుర్తులు వేయాలి. తక్కువైనా ఎక్కువైనా చీటీ చెల్లదు. ‘మా అమ్మాయికి ఒక్కదానికే వేయండి’ అని అభిమానంతో ఊరంతా చెప్పి తిరిగే పెద్దమ్మలుంటారు. మొదటి రోజే వాళ్లను కూర్చోబెట్టి నమూనా చీటీ చేతికిచ్చి నేర్పు. తోటి అభ్యర్థులిద్దరితో కలిసే తిరుగు. కోర్టులో ఒంటరిగా నిలబడి వాదించే అలవాటు ఇక్కడ పనికిరాదు. నువ్వు వాళ్లను తోసుకుని ముందుకు పోతున్నావని తెలిస్తే వాళ్ల మనుషులు నీ పేరు దగ్గర గుర్తు వేయరు, ఆ మూడో ఓటు అవతలి పార్టీకి పోతుంది. గాలి ఎటు వీస్తుందో కూడా చూసుకో. 1982లో, 1995లో, 2024లో ప్రధాన ద్వీపంలోని 60 సీట్లూ ఒకే కూటమికి పోయాయి. అలాంటప్పుడు ఎంత మంచి లాయరైనా తేలడు.

బెస్ట్ లూజర్ సీట్ల (వర్గాల సమతూకం కోసం ఓడినవాళ్లలో కొందరికిచ్చే అదనపు సీట్ల) లెక్కలో మనం హిందువుల కిందే వస్తాం, అదీ 1972 జనాభా లెక్కలను బట్టి. తెలుగువాళ్లకంటూ అందులో వేరే గడి లేదు. మన వాటా తేలేది పార్టీ ఆఫీసులో టిక్కెట్లు పంచే రోజునే, ఆ గండం నువ్వు దాటేశావు.

ఇప్పుడు అసలు సంగతి, వాగ్దానాలు. రామభజనానికి పిలుస్తారు, సింహాద్రి అప్పన్న పూజకు పిలుస్తారు, ఉగాదికి నాలుగైదు చోట్ల దీపం వెలిగించమంటారు. తప్పకుండా వెళ్లు. ప్రసాదం తీసుకున్నాక ఎవరో ఒక పెద్దాయన పక్కకు పిలిచి, ‘అమ్మా, మన హాలుకు పక్కనున్న ప్రభుత్వ స్థలం ఇప్పిస్తావా?’ అంటాడు. అక్కడ నువ్వు అవుననకూడదు. 2005లో 8వ నియోజకవర్గంలో గెలిచిన అశోక్ జగన్నాథ్ ఎన్నిక ఎందుకు రద్దయింది? ముస్లింల శ్మశానానికి అదనపు స్థలం, ఆరోగ్య శాఖలో ఉద్యోగాలు. సుప్రీంకోర్టు దాన్ని ఎన్నికల లంచమంది, 2008లో ప్రివీ కౌన్సిల్ (లండన్‌లో ఉన్న మన చివరి అప్పీలు కోర్టు) సమర్థించింది, 2009లో ఉపఎన్నిక వచ్చింది. అదే 8వ నియోజకవర్గంలో 2019 ఎన్నికపై ఓడిన అభ్యర్థి సురేన్ దయాళ్ వేసిన పిటిషనులో పెన్షను పెంపు హామీ ప్రశ్నకొచ్చింది. ఆ పిటిషనును 2023లో ప్రివీ కౌన్సిల్ కొట్టేసింది. రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టుకుని చదువు. దేశమంతటికీ వర్తించే విధానం ఒకటి, ఎదురుగా కూర్చున్న ఓటర్లకు కట్టబెట్టే మేలు మరొకటి. కాబట్టి ఆ పెద్దాయనతో, ‘అర్జీ రాసివ్వండి, శాఖకు ఎలా పెట్టుకోవాలో చెబుతాను’ అను, అంతవరకే. మొహమాటపడకు, మనవాళ్లు అర్థం చేసుకుంటారు. నీ ఏజెంటు కూడా నీ తరఫున మాట ఇవ్వకుండా చూసుకో.

ఖర్చు లెక్క మొదటి రోజు నుంచే రాయించు. పార్టీ అభ్యర్థికి హద్దు లక్షన్నర రూపాయలు. బ్యానర్లకు, మైకులకు, బిర్యానీకి చూస్తుండగానే అయిపోతుంది. రసీదు లేని ఖర్చు ఎంత చిన్నదైనా ఒప్పుకోకు. లెక్క దాఖలు చేసేటప్పుడు ప్రమాణం చేసేది నువ్వు, కోశాధికారి కాదు.

భాష గురించి ఒక్క మాట. ఊళ్లో జనం వాడుక భాష క్రియోల్‌లో మాట్లాడు, చిన్న వాక్యాలు, ఒక సభకు ఏడెనిమిది నిమిషాలు చాలు. సెక్షన్ల నంబర్లు చెప్పకు. పార్లమెంటులో అధికార భాష ఇంగ్లిషు, ఫ్రెంచిలోనూ మాట్లాడొచ్చు. రెండింటిలోనూ ప్రశ్న వేయడం ఇప్పటి నుంచే సాధన చెయ్యి.

ప్రాక్టీసు మాత్రం పూర్తిగా వదలకు. అనిరుధ్ జగన్నాథ్ 1963లో గెలిచి, 1967లో పోటీకి దూరంగా ఉండి, మేజిస్ట్రేటుగా న్యాయరంగానికి తిరిగి వెళ్లాడు. 1976లో ప్రతిపక్ష నాయకుడిగా వచ్చాడు, 1982లో ప్రధాని అయ్యాడు. బ్రిటన్ చేతిలో ఉన్న చాగోస్ దీవుల కోసం 2018లో హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానంలో నిలబడే నాటికి ఆయనకు 88 ఏళ్లు. ఓడిన రోజున తిరిగి వెళ్లడానికి ఛాంబరు ఉన్నవాడే పార్టీ నాయకుడి ముందు కాదనగలడు. అందుకని విచారణ మధ్యలో ఉన్న కేసులను అటార్నీలతో మాట్లాడి, కక్షిదారు ఒప్పుకున్నాకే తోటి బారిస్టర్లకు అప్పగించు. ప్రచారంలో ఉండి వాయిదాకు రాలేదన్న పేరు ఊరంతా పాకిపోతుంది. మనది చిన్న దీవి, ఆ కక్షిదారు నీ ఓటరో, నీ ఓటరు బావమరిదో అయి ఉంటాడు.

వచ్చే ఆదివారం ఫీజు ఒప్పందాల కాగితాలన్నీ పట్టుకుని ఇంటికి రా. గెజెట్ ప్రకటన ముసాయిదా ఇద్దరం కూర్చుని రాద్దాం. అత్తయ్య నిన్ను భోజనానికి ఉండమంటోంది.

మావయ్య